కోనసీమ: నీళ్లు వచ్చే దారి, పోయే దారి

ఈ ఎపిసోడ్‌లో కోనసీమ గురించి చెబుతాను. తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ, దక్షిణాన బంగాళాఖాతం. మధ్యలోంచి వైనతేయ పాయ. అంటే చుట్టూ నీళ్లేనండి.

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక కాలువలొచ్చాయి, వరి పెరిగింది, జనమూ పెరిగారు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా జిల్లా అయ్యింది. అప్పుడు గౌతమి అవతలున్న రామచంద్రపురం, మండపేట కూడా కలిపారు. 2011 లెక్కల ప్రకారం మొత్తం జనాభా సుమారు 17 లక్షలు.

మరి ఇంత పచ్చని చోట 2011లో రైతులు సార్వా వెయ్యకుండా పంట విరామం ఎందుకు ప్రకటించారు? గిట్టుబాటు ధర లేదు, కూలి ఖర్చులు పెరిగాయి. పైగా మురుగు డ్రెయిన్లు పూడిపోయి, పెద్ద వానొస్తే చేలు మునిగిపోతున్నాయి. అందుకే నేననేది, నీళ్లు తేవడం సగం పనేనండి. వాటిని సముద్రంలోకి పంపడం మిగతా సగం.