రిపోర్టులో నంబర్లు చేత్తో కొడుతున్నారా?.. ఒక్క ఫంక్షన్ పెడితే లెక్క దానంతట అదే మారుతుంది!

2012లో జేపీ మోర్గాన్ బ్యాంకు లండన్‌లోని ఒక ట్రేడింగ్ టీమ్ వల్ల 600 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. 'లండన్ వేల్' పేరుతో అప్పట్లో ప్రపంచమంతా మోగిపోయిన కేసు ఇది. తర్వాతి ఏడాది జనవరిలో బ్యాంకే విడుదల చేసిన రిపోర్టులో ఒక విషయం బయటపడింది. రిస్క్ ఎంతుందో చెప్పే మోడల్‌ని వరుసగా కొన్ని ఎక్సెల్ షీట్లలో నడిపారు. ఒక షీట్‌లోంచి ఇంకో షీట్‌లోకి డేటాని మనుషులు కాపీ, పేస్ట్ చేశారు. పైగా ఒకచోట సగటుతో భాగించాల్సింది మొత్తంతో భాగించారు. దాంతో రిస్క్ ఉన్నదానికంటే తక్కువగా కనిపించింది. నష్టానికి అదొక్కటే కారణం కాదు కానీ, కాపీ పేస్ట్ ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఈ ఒక్క కేసు చాలు.

బ్యాంకుల సంగతి అలా ఉంచితే, ఇదే అలవాటు ఫ్యాక్టరీల్లోనూ ఉంది. మోటార్లు, బేరింగులు, బ్యాటరీలు ఎన్నాళ్లు పనిచేస్తాయో లెక్కగట్టే ఇంజినీర్లు సాఫ్ట్‌వేర్‌లో లెక్క వేస్తారు. స్క్రీన్ మీద వచ్చిన నంబర్ చూసి రిపోర్టులో చేత్తో టైప్ చేస్తారు. వారం తర్వాత కొత్త డేటా వస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో లెక్క మారుతుంది. రిపోర్టులో మాత్రం పాత నంబరే ఉంటుంది! కౌంటింగ్ రోజు న్యూస్ డెస్క్‌లో మాదీ ఇదే బాధ.. టికర్‌లో లీడ్ మారిపోయి ఉంటుంది, కింద ఆర్టికల్‌లో గంట కిందటి నంబర్ కూర్చుని ఉంటుంది.

దీనికి పరిష్కారమే రిపోర్టులో నంబర్‌కి బదులు 'ఫంక్షన్' పెట్టడం. అదెలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

అసలు లెక్క ఏంటి?

ఒక కంపెనీ బోరు మోటార్లు తయారుచేస్తోంది అనుకుందాం. వారంటీ కాలంలో ఒక మోటారు సుమారు 1000 గంటలు నడుస్తుంది. ఆలోపు ఎన్ని మోటార్లు కాలిపోయి వెనక్కి వస్తాయి? ఈ ప్రశ్నకి జవాబు కోసం ఎక్కువగా వాడేది 'వైబుల్ డిస్ట్రిబ్యూషన్'. స్వీడన్ ఇంజినీర్ వలోడీ వైబుల్ 1951లో రాసిన పేపర్‌తో ఇది బాగా పాపులర్ అయింది. అందుకే ఆయన పేరే ఉండిపోయింది.

ఇందులో ముఖ్యమైనవి రెండే నంబర్లు. ఒకటి బీటా, అంటే వస్తువు ఏ తీరులో పాడవుతోందో చెప్పేది. ఒకటి కంటే తక్కువ వస్తే కొత్తలోనే పాడవుతున్నట్టు, అంటే తయారీలోనో బిగించడంలోనో లోపం ఉండొచ్చు. సరిగ్గా ఒకటి అయితే వయసుతో సంబంధం లేకుండా ఎప్పుడైనా పోవచ్చు. ఒకటి దాటితే అరుగుదల మొదలైనట్టే. రెండోది ఈటా. వంద మోటార్లలో సుమారు 63 పాడయ్యే సమయం ఇది. కచ్చితంగా చెప్పాలంటే 63.2 శాతం.

మన ఉదాహరణలో బీటా 2, ఈటా 5000 గంటలు వచ్చాయనుకోండి. అప్పుడు 1000 గంటల లోపు పాడయ్యేవి 3.92 శాతం. 10,000 మోటార్లు అమ్మితే 392 వెనక్కి వస్తాయన్నమాట. ఒక్కో రిపేరుకి 2,000 రూపాయలు వేసుకుంటే 7.84 లక్షలు పక్కన పెట్టుకోవాలి. మేనేజర్ రిపోర్టులో ఈ నంబరే రాశారు, బడ్జెట్ కూడా ఓకే అయింది.

రెండు నెలల తర్వాత ఫీల్డ్ నుంచి ఇంకొన్ని మోటార్ల డేటా వచ్చింది. మళ్లీ లెక్క వేస్తే బీటా అలాగే ఉంది, ఈటా మాత్రం 4000కి పడిపోయింది. ఇప్పుడు 1000 గంటల లోపు పాడయ్యేవి 6.06 శాతం. అంటే 606 మోటార్లు, 12.12 లక్షలు! రిపోర్టులో చేత్తో కొట్టిన 7.84 లక్షలు అలాగే ఉంటే తేడా 4.28 లక్షలు. ఆ తేడా ఎవరి మెడకి చుట్టుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. డబ్బు సంగతి కంపెనీ చూసుకుంటుంది సరే, స్పేర్ పార్టులు కూడా ఈ లెక్క ప్రకారమే తెప్పిస్తారు కదా. ఎండాకాలంలో మోటారు కాలిపోయి డీలర్ దగ్గర పార్టు లేకపోతే ఎదురుచూసేది రైతే.

సాఫ్ట్‌వేర్‌లో ఫంక్షన్ ఎలా పెట్టాలి?

ఈ రంగంలో బాగా తెలిసిన సాఫ్ట్‌వేర్ రిలయాసాఫ్ట్ వాళ్ల 'వైబుల్ ప్లస్ ప్లస్'. ఇందులో డేటా షీట్‌తో పాటు స్ప్రెడ్‌షీట్, రిపోర్ట్ కూడా ఒకే ప్రాజెక్టులో ఉంటాయి. వాటిని కలిపే వంతెన పేరు 'ఫంక్షన్ విజార్డ్'. ఎక్సెల్‌లో ఫార్ములా బార్ పక్కన ఉండే 'ఇన్సర్ట్ ఫంక్షన్' బటన్ ఎప్పుడైనా నొక్కారా? దాదాపు అలాంటిదే.

ముందుగా డేటా షీట్‌లో ఏ మోటారు ఎన్ని గంటలకి పాడైందో ఎంటర్ చేసి లెక్క వేయించాలి. ఈ స్టెప్ మర్చిపోతే తర్వాత ఎన్ని ఫంక్షన్లు పెట్టినా ఉపయోగం లేదు. ఆ తర్వాత స్ప్రెడ్‌షీట్‌లో సెల్ మీదో, రిపోర్టులో నంబర్ రావాల్సిన చోటో కర్సర్ పెట్టి విజార్డ్ తెరవాలి. రిలయబిలిటీ కావాలా, పాడయ్యే అవకాశం కావాలా, ఫలానా శాతం పాడవడానికి పట్టే సమయం కావాలా, లేక బీటా, ఈటాలే కావాలా అన్నది ఎంచుకోవాలి. లెక్క ఏ డేటా షీట్ నుంచి రావాలో చూపించాలి. ఎన్ని గంటలకి అన్నది ఇచ్చి ఇన్సర్ట్ కొడితే సరిపోతుంది.

ఇక్కడే ఒక చిన్న కిటుకు ఉంది. '1000' అన్న అంకెని ఫంక్షన్ లోపల నేరుగా రాయొద్దు. స్ప్రెడ్‌షీట్‌లో ఒక సెల్‌లో 1000 రాసి, ఫంక్షన్‌లో ఆ సెల్ పేరు ఇవ్వండి. రేపు వారంటీని 1500 గంటలకి పెంచుదాం అని బాస్ అంటే ఒక్క సెల్ మారిస్తే చాలు, మిగతావన్నీ వెంట మారతాయి.

సాఫ్ట్‌వేర్ లేదా? ఫోన్‌లోనే ట్రై చేయొచ్చు

లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్ అందరికీ దొరకదు. డిప్లొమా, బీటెక్ స్టూడెంట్లకి మరీ కష్టం. కానీ ఎక్సెల్‌లో, ఫోన్‌లో ఫ్రీగా వచ్చే గూగుల్ షీట్స్‌లో వైబుల్ ఫంక్షన్ ఉంది. పేరు 'వైబుల్.డిస్ట్'. సెల్‌లో టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి. మన ఉదాహరణకి ఇలా ఉంటుంది:

=వైబుల్.డిస్ట్(1000, 2, 5000, ట్రూ)

జవాబు 0.0392 వస్తుంది. పైన చూసిన 3.92 శాతం ఇదే. చివర 'ట్రూ' బదులు 'ఫాల్స్' పెడితే 0.0000769 అని వస్తుంది. అది పాడయ్యే శాతం కాదు, ఆ క్షణం దగ్గర కర్వ్ ఎత్తు మాత్రమే. అంత చిన్న నంబర్ చూసి 'మా మోటార్లు అసలు పాడవవు' అని సంబరపడితే అంతే సంగతులు!

ఇంకో తలనొప్పి కూడా ఉంది. రిలయబిలిటీ పుస్తకాల్లో బీటా అంటే తీరుని చెప్పే నంబర్ కదా. ఎక్సెల్‌లో దాన్ని ఆల్ఫా అంటారు, మన ఈటాని బీటా అంటారు! ఫంక్షన్ అడిగిన 'బీటా' దగ్గర పుస్తకంలోని బీటా పెట్టేస్తే లెక్క మొత్తం తలకిందులవుతుంది. గంటల తర్వాత ముందు తీరు, ఆ తర్వాత ఈటా.. ఈ వరుస గుర్తుంచుకోండి. ఈ పేర్ల గందరగోళం వల్ల ఎంతమంది తప్పులో కాలేస్తుంటారో పాపం.

వాడిన మోటారు సంగతి కూడా ఇందులోనే తేల్చొచ్చు. ఈటా 5000 అనుకుంటే, కొత్త మోటారు 1000 గంటలు నడిచే అవకాశం 96 శాతం. ఇప్పటికే 2000 గంటలు నడిచిన మోటారు ఇంకో 1000 గంటలు నడిచే అవకాశం ఎంత? 3000 గంటల రిలయబిలిటీని 2000 గంటల రిలయబిలిటీతో భాగించాలి. దాదాపు 82 శాతం వస్తుంది. సెకండ్ హ్యాండ్ మెషీన్ కొనేవాళ్లకి పనికొచ్చే లెక్క ఇది.

మరి బీటా, ఈటా ఎక్కడి నుంచి తేవాలి? వాటిని నేరుగా ఇచ్చే ఫంక్షన్ ఎక్సెల్‌లో లేదు. చిన్న దారి ఒకటుంది. పాడైన గంటల్ని చిన్న నుంచి పెద్దకి వరుసగా రాయండి. ఒక్కో దాని వరుస సంఖ్యలోంచి 0.3 తీసేసి, మొత్తం సంఖ్యకి 0.4 కలిపి దాంతో భాగించండి. ఐదు మోటార్లుంటే మొదటిదానికి 0.7ని 5.4తో భాగించాలి, 0.1296 వస్తుంది. దీన్ని ఒకటిలోంచి తీసేసి లాగ్ తీసి, మైనస్ గుర్తు మార్చి, మళ్లీ లాగ్ తీయాలి. ఇక్కడ లాగ్ అంటే 'ఎల్‌ఎన్' ఫంక్షన్. ఈ కాలమ్‌కి, గంటల లాగ్ కాలమ్‌కి మధ్య 'స్లోప్' ఫంక్షన్ పెడితే వచ్చేదే బీటా. 'ఇంటర్‌సెప్ట్' విలువని బీటాతో భాగించి, గుర్తు మార్చి 'ఎక్స్‌ప్' పెడితే ఈటా. సాఫ్ట్‌వేర్ వేరే పద్ధతిలో లెక్క వేస్తే జవాబు కాస్త అటూ ఇటూ వస్తుంది, కంగారు పడక్కర్లేదు.

కాకపోతే ఈ దారి అన్ని మోటార్లూ పాడైనప్పుడే. నిజంగా అలా ఎప్పుడు జరుగుతుంది? పది మోటార్లు టెస్ట్‌లో పెడితే నాలుగు పాడవుతాయి, ఆరు ఇంకా నడుస్తూనే ఉంటాయి. ఆ ఆరింటిని లెక్కలోంచి తీసేస్తే మోటారు ఆయుష్షు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. వైబుల్ ప్లస్ ప్లస్‌లో పాడైనవాటికి 'ఎఫ్', ఇంకా నడుస్తున్నవాటికి 'ఎస్' అని మార్క్ చేసే వీలుంది. డబ్బులు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనేది ముఖ్యంగా ఇలాంటి డేటా కోసమే అనిపిస్తుంది.

ఫంక్షన్ ఉంటే తప్పు రాదా?

వస్తుంది! ఫంక్షన్‌కి మొహమాటం ఉండదు, అడిగినదానికి జవాబు ఇచ్చేస్తుంది. 1500 గంటల వరకే టెస్ట్ చేసి 20,000 గంటల దగ్గర ఎంత అని అడిగినా ఒక నంబర్ పడేస్తుంది. డేటా గంటల్లో ఉండి మీరు రోజులు ఇచ్చినా అడ్డు చెప్పదు. బేరింగ్ అరిగి ఆగిన మోటార్లు, వైండింగ్ కాలిన మోటార్లు ఒకే షీట్‌లో కలిపేస్తే వచ్చే బీటా రెండింటికీ సరిపోదు. పైగా నాలుగు మోటార్ల డేటాతో వచ్చిన 3.92 శాతానికి పక్కన 'ఎంత నుంచి ఎంత మధ్యలో ఉండొచ్చు' అనేది కూడా ఉండాలి. ఆ కింది, పై హద్దుల్ని కూడా ఫంక్షన్‌గానే రిపోర్టులోకి తెచ్చుకోవచ్చు. చాలామంది అది వదిలేస్తారు, ఎందుకంటే ఒక్క నంబర్ ఉంటేనే మీటింగ్ త్వరగా అయిపోతుంది!

రిపోర్ట్ వర్డ్‌లో రాసేవాళ్లు ఎక్సెల్ సెల్‌ని మామూలుగా పేస్ట్ చేయకుండా, 'పేస్ట్ స్పెషల్'లోకి వెళ్లి 'పేస్ట్ లింక్' ఎంచుకుంటే ఇలాంటి పనే జరుగుతుంది. తర్వాత ఆ నంబర్ మీద క్లిక్ చేసి ఎఫ్9 నొక్కితే కొత్త విలువ వస్తుంది. ఎక్సెల్ ఫైల్‌ని వేరే ఫోల్డర్‌లోకి మార్చేస్తే మాత్రం లింక్ తెగిపోతుంది.

ఇంకొక్కటి. లైవ్‌గా మారే రిపోర్టుతో ఒక చిక్కు ఉంది. పోయిన నెల సంతకం పెట్టి పంపిన రిపోర్టును ఈ నెల తెరిస్తే అందులో వేరే నంబర్ కనిపిస్తుంది. 'మీరు అప్పుడు 392 అన్నారు కదా' అంటే చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే బయటికి పంపే ప్రతిసారీ పీడీఎఫ్‌గా సేవ్ చేసి, ఫైల్ పేరులో తేదీ, ఎన్ని మోటార్ల డేటాతో లెక్క వేశారో రాసి పెట్టుకోండి. లైవ్ ఫైల్ మీ దగ్గరే ఉంచుకోండి.