అలసిన చేయి, తిరుగు చక్కు

మన వర్క్‌షాపులో దెబ్బ తగులగానే యంత్రమును నిందించుట పరిపాటి. అలసట ఎవరి కంటను పడదు. ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ 1997లో ప్రకటించిన ప్రకారము, 17 గంటలు ఎడతెగక మేల్కొన్నవాని పనితీరు, రక్తములో 0.05 శాతము మద్యమున్నవాని పనితీరంతగా క్షీణించును. మద్యము ముట్టనివారికిని ఈ మత్తు తప్పదు!

లేతును తీసికొందము. నిమిషమునకు 480 చుట్లు తిరుగు చక్కు సెకనుకు 8 చుట్లు తిరుగును. నిద్రకన్నులవాడు అర సెకను ఆలస్యముగా తేరుకొనునప్పటికే నాలుగు చుట్లు ముగియును. చొక్కా చేతిని లాగుకొనుటకు ఒక్కటి చాలును. చేతితొడుగు రక్షణయని కొందరి భ్రమ. తిరుగుచున్న జాబ్ చెంత అదియే వ్రేళ్లను లోనికీడ్చును. అలసినవాడు తరచుగా మరచునది చక్కు కీ. దానిని చక్కులోనే వదలి స్విచ్చి వేసినచో విసరిన రాయివలె ఎగిరివచ్చును. కీ చక్కులోనున్నంతసేపు చేయి దానిని విడువరాదు. ఈ అలవాటు ముందే పట్టుబడినచో, బుద్ధి మందగించినను చేయి మరువదు.

మధ్యాహ్నము రెండు మొదలు నాలుగు వరకు దేహము సహజముగనే మాంద్యము నొందును. రంజాను మాసమున తరావీహ్ పిమ్మట పరుండి, సహరీకి లేచిన విద్యార్థికి ఆ వేళ మరింత కష్టము. టీ ఆసరా కూడ లేదు. ఉపవాసమును ఆక్షేపించుట మా ఉద్దేశము కాదు. లేతు, గ్రైండరు పనులు ఉదయము ముగించి, పనిముట్లు తుడుచుట, రికార్డు వ్రాయుట పిమ్మటికి ఉంచుకొనవచ్చును. అయినను, జాబ్‌ను గడువులోగా అప్పగింపలేమను భయముతో నిద్రమొగముననే యంత్రము చెంత నిలుచువారు మనలో కలరు. ఆ నెలలో ప్రాక్టికల్ తరగతులు ఉదయముననే జరిపి, అలసితినన్నవానికి మార్కులు తగ్గింపక మరునాడు అవకాశ మొసగవలెనని కమిటీవారిని కోరుచున్నాము.