ఇద్దరు మొగోళ్ల ప్రేమ కథ.. చదివితే తప్పేంది?

అమీర్‌పేట్ మైత్రివనం చుట్టు గల్లీలల్ల హాస్టళ్లు ఎట్లుంటయో ఊర్ల నుంచి కోచింగ్‌కు వచ్చిన పోరగాళ్లకు కొత్తగ చెప్పనక్కర్లేదు. ఒక్క రూముల నాలుగైదు మంచాలు. పొద్దంత జావానో, గ్రూప్సో. రాత్రి లైటు బంద్ అయినంక ఎవల ఫోన్ వాళ్లది. ఒకలు రీల్స్ చూస్తరు, ఒకలు ఇంటికి మాట్లాడుతరు, ఒకలు నవల చదువుకుంటరు. ఫోన్‌ల నవలలు చదివెటోళ్లకు ఇయ్యాల చైనా కథలు గూడ దొరుకుతున్నయ్. అండ్ల ఒక రకం ఉన్నది. కత్తి యుద్ధాలు, భూతాలు, మాయలు అన్నీ ఉంటయ్ గానీ హీరోయిన్ ఉండదు. ఇద్దరు హీరోలే. ప్రేమ గూడ వాళ్లిద్దరి నడుమనే.

ఇసొంటిది చదువుతున్నమని పక్క మంచమోనికి చెప్పాల్నంటే చానమంది జంకుతరు. జంకేటంత ఏమున్నది అండ్ల? జర ఇప్పి చూద్దాం.

కథ ఏంది?

ఈ తీరు నవలలను చైనాల 'డాన్‌మే' అంటరు. అందంల మునిగిపోవుడు అని ఆ మాటకు అర్థం. రాసెటోళ్లు, చదివెటోళ్లు ఎక్కువ ఆడోళ్లే. అన్నిట్ల మస్తు పేరొచ్చినయ్ల ఒకటి 'మో దావ్ జూ షీ'. మో షియాంగ్ టోంగ్ షియు అనే కలం పేరుతోని ఒక రచయిత్రి 2015ల దీన్ని జిన్‌జియాంగ్ అనే వెబ్‌సైట్ల సీరియల్‌గ షురూ చేసింది. మొత్తం 113 అధ్యాయాలు, తర్వాత కొన్ని కొసరు కథలు. ఇంగ్లీష్ల 5 భాగాలుగ వచ్చింది. మొదటి భాగం 2021 డిసెంబర్‌ల అచ్చయి, అమెరికాల న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ల లిస్టుకు ఎక్కింది.

వే వూషియెన్ అనే పోరడు తెలివిగల్లోడు, అల్లరోడు, నోరు ఊకుండదు. పిల్లనగ్రోవి ఊది సచ్చినోళ్లను లేపే విద్య పట్టిండు. దాంతోని లోకమంత వానికి ఎదురు తిరిగింది. వాడు సచ్చిపోయిండు. 13 ఏండ్లయినంక ఇంకొకని ఒంట్ల లేచిండు. ముఖం వేరే, పేరు వేరే.

రెండోవాడు లాన్ వాంగ్‌జీ. వాళ్ల ఇంట్ల 3000కు పైగ కట్టుబాట్లు రాతి మీద చెక్కి ఉంటయ్. మాట తక్కువ, నవ్వు అంతకంటే తక్కువ. ఒక ఆపదల వే వూషియెన్ వెదురు తెంపి పిల్లనగ్రోవి చేసి, యాదికొచ్చిన రాగం ఒకటి ఊదుతడు. ఆ రాగం ఈ లోకంల ఇద్దరికే ఎరుక. ఎన్కకెళ్లి ఒక చెయ్యి వచ్చి వాని మణికట్టు పట్టుకుంటది. ముఖం మారినా మనిషిని గుర్తుపట్టిండు వాంగ్‌జీ. కానీ గుర్తుపట్టినట్టు చెప్పడు.

ఆడికెళ్లి ఇద్దరు కలిసి ఒక తెగిన చెయ్యి ఎవరిదో ఎతుక్కుంట ఊరూరు తిరుగుతరు. ఒక ముడి ఇప్పితే ఇంకో ముడి. పంజాగుట్ట నిమ్స్ల పేషెంట్ పక్కన దినమంత కూసునే మనిషికి గూడ పొద్దు ఎట్ల పోయిందో తెల్వదు.

మనకు కొత్తదా?

కొత్తది గాదు. పరకాయ ప్రవేశం విక్రమార్కుని కథలల్ల ఉన్నది. భుజమ్మీది శవం మాట్లాడుడు చందమామ చదివినోళ్లందరికి ఎరుకే. ఇద్దరు కలిసి నడుసుకుంట మజిలీ మజిలీకి ఒక కథ చెప్పుకునుడు కాశీమజిలీ కథలల్ల ఉన్నది. 1951ల వచ్చిన 'పాతాళ భైరవి'ల తోటరాముని ఎంట అంజి ఉండనే ఉన్నడు. మధుబాబు షాడో నవలలు కిరాయికి తెచ్చుకొని తెల్లారేదాక చదివిన తరం మన ఇండ్లల్లనే ఉన్నది. షాడోను చదివి ఎవలు గూఢచారులు గాలె. ఇది చదివినా ఎవల మనసు ఎవలూ మార్చలేరు.

సోపతి మీద ప్రాణం పెట్టుడు మన సినిమాలల్ల గూడ ఉన్నది. 2022ల 'ఆర్ఆర్ఆర్' చూసి రాముడు, భీముని దోస్తానాకు విజిల్ కొట్టనోడు లేడు. మొగోనికి మొగోని మీద ప్రేమ అనంగనే మాత్రం మన తెరకు కామెడీ యాదికొస్తది. ఒక వంకర నడక, ఒక ఎక్కిరింపు, అయిపాయె. ఈ నవలల వాళ్లు నవ్వులాటకు ఉన్నోళ్లు గాదు. ప్రేమించిన పాపానికి ఆఖరుకు సావరు. కలిసి బతుకుతరు. చదివేటోనికి గుండె నిండుడు గిక్కడనే.

లోపాలు లేవా?

ఉన్నయ్. ఒక వేటల వే వూషియెన్ కండ్లకు గంత కట్టుకొని ఉంటే, ఎవరో చెప్పకుంట, అడగకుంట వాంగ్‌జీ ముద్దు పెడుతడు. కథల అది తియ్యగ అనిపించొచ్చు. బయట అడగకుంట ముట్టుకునుడు తప్పే, ఎవలు చేసినా. పెద్దోళ్ల కోసం రాసిన సీన్లు గూడ ఉన్నయ్ గనుక 18 నిండనోళ్లకు ఈ పుస్తకం గాదు. ఇంకోటి, ఇది మాయల కథ. కిరాయి రూము కోసం, ఇంట్ల వాళ్ల మాట కోసం కొట్లాడే మామూలు జంటల బతుకు ఇండ్ల ఎతకొద్దు.

ఈ కథ పుట్టిన దేశంల గూడ దీనికి సుఖం లేదు. 2019ల 'ది అన్‌టేమ్డ్' పేరుతోని 50 ఎపిసోడ్ల సీరియల్ తీసిన్రు. అండ్ల ప్రేమ మాట తీసేసి సోపతి అని చూపెట్టిన్రు. చూపులే మిగిలినయ్. 2018ల టియన్‌యీ అనే కలం పేరుతోని మొగోళ్ల ప్రేమ నవల రాసి అమ్మిన రచయిత్రికి అక్కడి కోర్టు పదిన్నర ఏండ్ల జైలు ఏసింది.

మన దగ్గర అంత లేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు సెక్షన్ 377ను కొంత మేరకు కొట్టేసి, ఇష్టపడ్డ ఇద్దరు పెద్దమనుషుల ప్రేమ నేరం గాదన్నది. 2021 డిసెంబర్‌ల, అంటే ఈ నవల ఇంగ్లీష్ల వచ్చిన నెలల్నే, మన హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అందరి ముంగట వేడుక చేసుకున్నరు. పెండ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకు పోయింది గూడ వాళ్లే. ఆ కేసు సుప్రియో పేరు మీదనే ఉన్నది. 2023 అక్టోబర్ 17న కోర్టు ఆ హక్కు ఇయ్యలె. అది చట్టసభలు చూసుకోవాలె అన్నది.

ఇగ అసలు ముచ్చట

కోర్టు తీర్పు హాస్టల్ రూముల కాపలా ఉండదు. అదే రూముల తన మనసు మొగోని మీదికి పోతున్నదని తెలిసిన పోరడు ఉండొచ్చు. ఊర్ల వానికి నేర్పిన మాటలన్నీ తిట్లే. తన గురించి తనకు చెప్పుకునేటందుకు గూడ తిట్టు తప్ప మాట లేకపోవుడు మామూలు బాధ గాదు. ఒక నవల వానికి ఇంకో మాట ఇస్తది. ప్రేమ అనే మాట.

మిగిలినోళ్లకు గూడ ఇది పనికొస్తది. ఒక మంచి కథ ఎంట పడి ఐదు భాగాలు ఇంగ్లీష్ల చదివితే భాష వస్తది, కోచింగ్ ఫీజు లేకుంట. అంతకంటే ముఖ్యం, ఇసొంటి మనిషి కోసం 300 పేజీలు కన్నీళ్లు పెట్టుకున్నోడు, రేపు పక్క మంచం మీదోడు "నాది గూడ గిదే కథ" అంటే నవ్వలేడు.

చైనా పేర్లు నోరు తిరగకపోయినా ఇన్ని పేజీలు చదువుతున్నమంటే ఆకలి ఉన్నట్టే. అదే కథ సిద్దిపేట పోరనిది, సూర్యాపేట పోరనిది, మన మాటల్ల రాసెటోళ్లు రావాలె. అప్పటిదాక ఫోన్ స్క్రీన్ దాచిపెట్టుకోకుర్రి. ఏం చదువుతున్నవ్‌రా అని ఎవలన్న అడిగితే, మంచి కథ అని చెప్పుర్రి. అబద్ధం గాదు గదా.