పగడం కట్టిన దీవులు

రామచంద్రపురం చుట్టుపక్కల ఏ పొలంలో గునపం దించినా తగిలేది ఒండ్రుమట్టే. నల్లరాయి కావాలంటే రాజమండ్రి దగ్గరి కాతేరుకో, గోదావరి అవతలి పంగిడికో వెళ్ళాలి. మన కాళ్ళ కింది నేలంతా గోదావరి తెచ్చి పోసినదే. నది కట్టిన ఈ నేల మీద మనం కొబ్బరి పెంచుకుంటున్నాం. అరేబియా సముద్రంలో మరికొందరు ఒక చిన్న ప్రాణి కట్టిన నేల మీద కొబ్బరి పెంచుకుంటున్నారు. వారే లక్షదీవుల వాసులు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి 64,473 మందిలో నూటికి 96 మందికి పైగా ముస్లింలే. వారి నేల ఎలా పుట్టిందో, దానికి వచ్చిన ముప్పేమిటో ఈ వారం తెలుసుకుందాం.

మర్జాన్ అంటే ఏమిటి?

పగడాన్ని అరబీ, ఉర్దూ భాషల్లో మర్జాన్ అంటారు. దివ్య ఖుర్ఆన్‌లోని సూరా రహ్మాన్‌లో ఈ మాట రెండు చోట్ల, 22, 58 ఆయతుల్లో, వస్తుంది. మన పెద్దలు ఉంగరాల్లో పొదిగించుకునే ఎర్ర పగడం లోతు నీటిలో పెరిగే జాతి. దీవులు కట్టేవి దాని బంధువులైన వేరే జాతులు.

పగడాన్ని కొందరు రాయి అనుకుంటారు, మరికొందరు మొక్క అనుకుంటారు. నిజానికి అది జంతువు, జెల్లీచేపకు చుట్టం. మెత్తని సంచి లాంటి ఒళ్ళు, పైన ఒక నోరు, నోటి చుట్టూ సన్నని చేతులు. అంతే దాని ఆకారం. సముద్రపు నీటిలోని సున్నాన్ని తీసుకుని తన కింద గట్టి గిన్నెలాంటి గూడు కట్టుకుంటుంది. ఇలాంటి కోట్లాది గూళ్ళు తరతరాలుగా ఒకదాని మీద ఒకటి పేరుకుంటే అదే పగడపు దిబ్బ.

దాని ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురముంటుంది. ఆ నాచు ఎండను పట్టి ఆహారం తయారు చేసి పగడానికి పెడుతుంది. పగడం దానికి చోటిస్తుంది. కాబట్టి దిబ్బ కట్టే పగడానికి వెచ్చని, ఉప్పని, ఎండ దిగేంత తేట నీరు కావాలి. గోదావరి బురద నీటిని, మంచినీటిని తెచ్చి కలిపే మన కోనసీమ తీరంలో పగడపు దిబ్బలు లేకపోవడానికి కారణం ఇదే.

నిప్పుకొండ నుంచి వలయం దాకా

నడిసంద్రంలో, అంత లోతులో, ఎండ కావలసిన ప్రాణి దిబ్బ ఎలా కట్టింది? ఈ దీవుల గురించి వెయ్యేళ్ళ కిందటే రాసినవారు అల్‌బీరూనీ. 1030 ప్రాంతంలో హిందూదేశం గురించి రాసిన గ్రంథంలో, ఇసుకగా పైకి తేలి క్రమంగా పెరిగే దీవులున్నాయనీ, మరికొన్ని అరిగి నీటిలో కలిసిపోతాయనీ, అప్పుడు జనం కొత్త దీవికి తరలిపోతారనీ ఆయన పేర్కొన్నారు. వాటి సరుకులను బట్టి గవ్వల దీవులనీ, కొబ్బరి తాళ్ళ దీవులనీ విభజించారు. గవ్వలు ఆ రోజుల్లో డబ్బు. చేతిలో చిల్లిగవ్వ లేదని మనం ఇప్పటికీ అంటూనే ఉన్నాం.

దీవులు పుట్టే తీరును 1842లో డార్విన్ వివరించారు. ముందు సముద్రంలో నిప్పుకొండ లేస్తుంది. దాని అంచు చుట్టూ పగడం దిబ్బ కడుతుంది. లక్షల ఏళ్ళలో కొండ మెల్లగా కుంగుతుంది. అది కుంగేకొద్దీ పగడం వెలుతురు కోసం పైపైకి కట్టుకుంటూ పోతుంది. చివరికి కొండ మునిగి, పగడపు వలయం, నడుమ తేటనీటి మడుగు మిగులుతాయి. దీన్నే అటోల్ అంటారు. ఈ మాట మాల్దీవుల భాష నుంచి ప్రపంచానికి వచ్చింది. 1952లో పసిఫిక్‌లోని ఎనివెటోక్ అటోల్‌లో బోరు వేసినప్పుడు పన్నెండు వందల మీటర్లకు పైగా పగడపు సున్నపురాయి, దాని కింద నిప్పుకొండ రాయి తగిలాయి. డార్విన్ ఊహ రుజువైంది.

లక్షదీవుల కింది కొండల వరసకూ మన కాతేరు రాయికీ చుట్టరికం ఉందని శాస్త్రజ్ఞులు చెబుతారు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట భూమి అడుగునున్న ఒక వేడిచోటు మీదుగా మన దేశం ఉత్తరానికి జరుగుతుండగా లావా పొంగింది. దక్కను పీఠభూమి నల్లరాయి అలా ఏర్పడింది. ఆ లావా పాయ రాజమండ్రి దాకా పారిందంటారు. అదే వేడిచోటు తరువాత లక్షదీవులు, మాల్దీవుల కింది కొండలను లేపింది.

దీవి మీద బతుకు

లక్షదీవులు మొత్తం 36. మనుషులుండేవి 10. నేలంతా కలిపి 32 చదరపు కిలోమీటర్లే. దిబ్బను అలలు విరగ్గొట్టి తెచ్చిన ముక్కలు, చిలకచేపలు పగడాన్ని కొరికి విసర్జించిన పొడి కలిసి ఇసుకవుతాయి. ఆ ఇసుకే అక్కడి నేల. కురిసిన వాన అందులోకి ఇంకి, తేలిక కాబట్టి ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. బావుల్లో ఊరేది ఆ పలుచని పొరే. ఎక్కువ తోడితే ఉప్పు ఎక్కుతుంది. ఉప్పునీరు పైకి తన్నే బోర్లు చూసిన మన తీరగ్రామాల వారికి ఈ బాధ వివరించనక్కరలేదు. అందుకే 2005లో కవరత్తిలో సముద్రపు నీటిని రోజుకు లక్ష లీటర్ల మేర మంచినీరుగా మార్చే కేంద్రం పెట్టారు.

సముద్రపు అడుగులో నూటికి ఒక వంతు కూడా లేని పగడపు దిబ్బలను నమ్ముకుని సముద్రజీవ జాతుల్లో దాదాపు పావు వంతు బతుకుతున్నాయి. మడుగులో చిన్నచేపలను ఎరకు పట్టి, బయట సంద్రంలో గాలాలతో ట్యూనా పట్టడం లక్షదీవుల వారి ప్రధాన వృత్తి. దిబ్బ చస్తే ఎర చేప ఉండదు, వేటా ఉండదు. పొరుగున మాల్దీవుల రాజధాని మాలెలో 1658లో కట్టిన పాత జుమా మస్జిదు గోడలు చెక్కిన పగడపురాతివే.

ముంచుకొచ్చిన ముప్పు

నీరు మామూలు కన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే పగడం తన నాచును బయటికి తోసేస్తుంది. రంగు పోయి తెల్లబడి, ఆకలితో చస్తుంది. లక్షదీవుల్లో 1998, 2010, 2016, 2024 సంవత్సరాల్లో ఇలా జరిగింది. 1998లో సుమారు 37 శాతం ఉన్న సజీవ పగడం 2022 నాటికి 19 శాతానికి దిగిందని అక్కడ పరిశోధించినవారు తేల్చారు. బతికిన దిబ్బ అలను విరిచి దీవిని కాస్తుంది. చచ్చిన దిబ్బ అరిగిపోతుంది, అల నేరుగా గట్టును కోస్తుంది. బంగారం అటోల్‌లోని పరాలి-1 అనే చిన్న దీవి పూర్తిగా కోతకు గురై కనుమరుగైందని 2017లో ఒక పరిశోధన వెల్లడించింది.

ఆ దీవులు దూరం కదా అనుకోవడానికి లేదు. ఉప్పాడలో సముద్రం ఊరిని కోయడం మనం చూస్తూనే ఉన్నాం. పగడం కట్టడం మానితే లక్షదీవులు నిలవవు. గోదావరి ఒండ్రు తేవడం తగ్గితే, కోరంగి మడఅడవి నరికితే మన తీరమూ నిలవదు. నేల ఒకసారి ఏర్పడి అలాగే ఉండిపోదు. దాన్ని కట్టే పని రోజూ సాగుతూ ఉండాలి. అక్కడ ఆ పని పగడానిది, ఇక్కడ నదిది. ఆ పనికి అడ్డు రాకుండా చూడడం మాత్రం రెండు చోట్లా మనుషులదే.