స్కూల్లో స్టేట్ ఆడితే కాలేజీ సీటు వస్తుందా? నల్గొండ, పాలమూరు ప్లేయర్లు ముందే తెలుసుకోవాల్సినవి ఇవే

అమెరికాలో హైస్కూల్ బేస్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటే కాలేజీ కోచ్‌లు స్పీడ్ గన్ పట్టుకుని వచ్చి కూర్చుంటారు. నచ్చిన ప్లేయర్‌ని తమ కాలేజీకి తీసుకుంటారు. దేవరకొండకో, నారాయణపేటకో అలా ఎవరూ రారు. బేస్‌బాల్ అయినా, సాఫ్ట్‌బాల్ అయినా, కబడ్డీ అయినా ఇక్కడ పిల్లల ఆట కంటే ముందు కాలేజీకి చేరేది వాళ్ల సర్టిఫికెట్. అందుకే ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక స్పోర్ట్స్ కోటా గురించి ఆరా తీస్తే అప్పటికే లేటైపోతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే మొదలుపెట్టాలి.

మొదట కలవాల్సింది స్కూల్ పీఈటీ సార్‌ని. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలకు ఎంట్రీ వెళ్లేది స్కూల్ నుంచే. మండలం, జిల్లా దాటాక రాష్ట్ర స్థాయి, అక్కడ సెలెక్ట్ అయితే నేషనల్స్. జిల్లాలు విడిపోయి ఇన్నేళ్లయినా స్కూల్ గేమ్స్‌లో జట్లు ఎక్కువగా ఉమ్మడి జిల్లా పేరుతోనే వెళ్తున్నాయి. అంటే సూర్యాపేట, భువనగిరి పిల్లలు నల్గొండ జట్టుకు పోటీ పడాలి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, నారాయణపేట పిల్లలు మహబూబ్‌నగర్ సెలెక్షన్స్‌కు రావాలి. డేట్లు ఒకట్రెండు రోజుల ముందే తెలుస్తుంటాయి. పీఈటీ సార్ వాట్సాప్ గ్రూప్‌లో లేకపోతే ఆ ఏడాది పోయినట్టే. పీఈటీ లేని బడైతే జిల్లా యువజన, క్రీడల అధికారి ఆఫీసులో అడగాలి.

బేస్‌బాల్‌కు గ్లోవ్స్, బ్యాట్లు అన్ని బళ్లలో ఉండవు. అయినా నిరాశ పడక్కర్లేదు. 2008లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పైరేట్స్ టీమ్‌తో కాంట్రాక్ట్ చేసుకున్న రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు. అంతకుముందు వాళ్లు విసిరింది జావెలిన్! క్రికెట్‌లో గట్టిగా త్రో కొట్టే పిల్లలు కూడా ఇటు రావచ్చు.

ఇంటర్‌లోనే తెగిపోతోంది

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. టెన్త్ వరకు అండర్-17 ఆడిన పిల్లాడిని తీసుకెళ్లి గ్రౌండే లేని కార్పొరేట్ కాలేజీలో వేస్తారు. రెండేళ్లు ఆట బంద్. నిజానికి అండర్-19 పోటీలు జూనియర్ కాలేజీల నుంచే జరుగుతాయి, డిగ్రీ, ఇంజినీరింగ్ అడ్మిషన్ల ముందు చేతికొచ్చే సర్టిఫికెట్ కూడా అదే. కాబట్టి ఇంటర్ కాలేజీ ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: పోటీలకు ఎంట్రీ పంపిస్తారా, అటెండెన్స్ ఇస్తారా? నోటిమాటగా కాదు, ప్రిన్సిపాల్‌నే అడిగి తేల్చుకోవాలి.

ఇంకో గొయ్యి కూడా ఉంది. 'నేషనల్ లెవల్ టోర్నమెంట్, ఫీజు కట్టండి, మెడల్ గ్యారంటీ' అని ఫోన్లు వస్తుంటాయి. పేరులో 'నేషనల్', 'ఇంటర్నేషనల్' ఉన్నంత మాత్రాన ఆ సర్టిఫికెట్ చెల్లదు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాదా, కేంద్ర క్రీడా శాఖ గుర్తించిన ఫెడరేషన్‌దా అన్నది చూస్తారు. కూలి డబ్బులు పోగేసి అలాంటి టోర్నీలకు పంపే తల్లిదండ్రులు ముందు ఆ జాబితా చూసుకోవడం మంచిది.

మరి కోటా ఎంత? ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో స్పోర్ట్స్ కోటా 0.5 శాతమే. అంటే 200 సీట్లకు ఒకటి. పైగా ఇంటర్నేషనల్, నేషనల్ ఆడినవాళ్లు వరుసలో ముందుంటారు. ఒక్క స్టేట్ సర్టిఫికెట్ పట్టుకుని సీటు ఖాయమనుకుంటే కష్టమే. డిగ్రీకి దోస్త్‌లో కూడా స్పోర్ట్స్ కేటగిరీ ఉంది, దాని వెరిఫికేషన్ విడిగా జరుగుతుంది. ఐఐటీ మద్రాస్ 2024 నుంచి ప్రతి బీటెక్ కోర్సులో ప్లేయర్లకు రెండు అదనపు సీట్లు ఇస్తోంది, అందులో ఒకటి అమ్మాయిలకు. కాకపోతే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంక్ ఉండాలి, గత నాలుగేళ్లలో నేషనల్ మెడల్ ఉండాలి. వాళ్ల ఆటల లిస్టులో వాలీబాల్, అథ్లెటిక్స్ ఉన్నాయి గానీ బేస్‌బాల్ లేదు. అందుకే ప్రతి నోటిఫికేషన్‌లోనూ ముందు ఆటల లిస్టు చూడాలి.

వీడియో ఎక్కడ పనికొస్తుంది?

చెన్నై, బెంగళూరుల్లోని కొన్ని ప్రైవేట్ యూనివర్సిటీలు ట్రయల్స్ పెట్టి ప్లేయర్లకు ఫీజు రాయితీ ఇస్తాయి. అక్కడి ఫిజికల్ డైరెక్టర్‌కు రెండు నిమిషాల వీడియో పంపొచ్చు. పాటలు, స్లో మోషన్లు వద్దు. మొదట్లో పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, ఆడే పొజిషన్ ఉంటే చాలు. పిచర్ అయితే క్యాచర్ వెనక నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి ఆపకుండా తీయాలి. మ్యాచ్ క్లిప్ ఒక్కటైనా ఉండాలి.

కోటాలో సీటు రాకపోయినా దారి మూసుకుపోదు. మామూలు మెరిట్‌తో డిగ్రీలో చేరినా పాలమూరు యూనివర్సిటీ, నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ జట్ల సెలెక్షన్స్‌కు వెళ్లొచ్చు. ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు 25 ఏళ్లలోపు వాళ్లు అర్హులు, బేస్‌బాల్ కూడా ఉంది. ఆ సర్టిఫికెట్ తర్వాత కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో ఫారం-3 కింద పనికొస్తుంది. పీఈటీ కావాలనుకుంటే ఇంటర్ తర్వాత డీపీఈడీ, డిగ్రీ తర్వాత బీపీఈడీ. రెండింటికీ పీఈసెట్ రాయాలి, రాయడమంటే అందులో పరుగెత్తడమే ఎక్కువ.

అమెరికాలో చదివే మన ఎన్నారై పిల్లల లెక్క వేరు. వాళ్లు ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదు చేసుకోవాలి, డివిజన్ 1, 2లకు హైస్కూల్లో 16 కోర్ కోర్సులు పూర్తి చేయాలి. డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు.

ఇక సర్టిఫికెట్‌లో పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉందా అన్నది టోర్నీ అయిపోయిన రోజే చూసుకోవాలి. ఇంటిపేరు ముందుండటం, వెనకుండటం, ఒక అక్షరం తేడా... వెరిఫికేషన్‌లో తంటాలన్నీ వీటితోనే. ఇంజినీరింగ్ స్పోర్ట్స్ కేటగిరీ వెరిఫికేషన్ హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని సాంకేతిక విద్యా భవన్‌లో, నోటిఫికేషన్‌లో ఇచ్చిన తేదీల్లోనే ఉంటుంది. ఒరిజినల్స్‌తో పాటు జిరాక్స్‌లు రెండు సెట్లు తీసుకెళ్లాలి. అచ్చంపేట నుంచో, మిర్యాలగూడ నుంచో వెళ్లేవాళ్లు పొద్దున్నే మొదటి బస్సుకే బయల్దేరాలి.