పెరుగుతున్న చేపపిల్ల లోపలికి ఎలా చూస్తారు?

జీబ్రా చేప మన దేశపు వాగుల్లో, వరిపొలాల్లో తిరిగే చిన్న చారల చేప. దాని గుడ్డు తల్లి కడుపులో కాదు, బయట నీళ్లలోనే ఎదుగుతుంది. లోపలి పిండం పారదర్శకంగా ఉంటుంది. సుమారు 24 గంటలకే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. ఒక ప్రాణి రూపుదిద్దుకోవడాన్ని కళ్లారా చూడగలగడం ఎంత గొప్ప సంగతి!

చిక్కల్లా వెలుగుతోనే. కణాలు విడివిడిగా కనిపించడానికి, జెల్లీచేపలో దొరికిన ఒక మెరిసే ప్రోటీన్ జన్యువును ముందే చేపలో చేరుస్తారు. నీలి లేజర్ తగిలితే ఆ ప్రోటీన్ ఆకుపచ్చగా వెలుగుతుంది. అయితే మామూలు లేజర్ మైక్రోస్కోపులో ఒక్క పొరను చూడాలన్నా కాంతి పిండమంతా దూసుకుపోతుంది. గంటల తరబడి అలా చేస్తే మెరుపు తగ్గిపోతుంది, కణాలూ దెబ్బతింటాయి.

ఈ చిక్కును తగ్గించేదే లైట్‌షీట్ మైక్రోస్కోపు. ఇందులో కాంతిని కొన్ని మైక్రాన్ల మందం ఉన్న పలుచని పొరగా మార్చి పక్కనుంచి పంపుతారు. పెంకుల సందులోంచి ఎండ పడితే ఆ దారిలో ఉన్న దుమ్మే కనిపిస్తుంది కదా, అలాగే ఆ పొరలో ఉన్న కణాలే మెరుస్తాయి. కాంతికి లంబంగా ఉన్న కెమెరా ఫొటో తీస్తుంది. మెత్తని జెల్‌లో నిలిపిన పిండాన్ని కొంచెం కొంచెంగా జరుపుతూ తీసిన ఫొటోలన్నిటినీ కంప్యూటర్ కలుపుతుంది.

జర్మనీలోని హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్తలు 2004లో ఈ పద్ధతితో చేప పిండాలను చూపించారు. 2008లో జీబ్రా చేప కణకేంద్రకాల కదలికలను మొదటి 24 గంటలూ వెంబడించారు. అయితే ఇందులోనూ ఒక ఇబ్బంది ఉంది: పిండం కళ్లలో నల్లరంగు చేరాక అది కాంతికి అడ్డుపడి వెనక నీడ పడుతుంది. అందుకే కొన్ని యంత్రాల్లో రెండు వైపుల నుంచీ వెలుగు పంపుతారు.