ఇనుప చేతికి స్పర్శజ్ఞానము

కవ్వముతో మజ్జిగ చిలుకు ఇల్లాలిని గమనింపుడు. త్రాడు ఎంత బిగువుగా లాగవలెనో, వెన్న కట్టు వేళకు కవ్వము ఎంత బరువెక్కినదో ఆమె చూడనక్కరలేదు; చేతికే తెలియును. తాళపుచెవి అడ్డముగా పట్టుకొన్నచో మన చేయి తనంతట తానే బలము తగ్గించును. యంత్రపు చేతికి ఈ తెలివి పుట్టుకతో లేదు. చెప్పిన చోటికి చెప్పిన వేగముతో పోవుటయే అది ఎరుగును. అడ్డము వచ్చినది ఇనుపకడ్డీయో, మనిషి వ్రేలో దానికి తెలియదు. ఆ తెలివిని సమకూర్చు సాధనమును గురించి నేడు ముచ్చటింతుము.

ఒక వస్తువును ముందువెనుకలకు, కుడియెడమలకు, పైకిక్రిందికి తోయవచ్చును. ఇవి మూడు. ఆ మూడు అక్షముల చుట్టును దానిని త్రిప్పవచ్చును. ఇవి మరి మూడు. ఈ త్రిప్పుడు బలమునే టార్కు అందురు. యంత్రపు మణికట్టునందు బిగించు ఆరు అక్షముల సెన్సరు ఈ ఆరింటిని ఒక్కమారుగా కొలుచును.

ఎట్లు కొలుచును? రాగి, ఇనుప తీగలను లాగినప్పుడు వాని విద్యున్నిరోధము మారునని లార్డ్ కెల్విన్ 1856లో తెలిపెను. లాగిన తీగ పొడవగును, సన్నబడును. కావున విద్యుత్తునకు దారి ఇరుకగును. 1938లో అమెరికాయందు సిమన్స్, రూజ్ అను ఇరువురు వేర్వేరుగా ఈ సూత్రముపై స్ట్రెయిన్ గేజిని నిర్మించిరి.

సాధారణముగా సెన్సరు నడుమ ఒక దిమ్మ, చుట్టును ఒక వలయము, రెంటిని కలుపుచు బండిచక్రపు ఆకులవంటి కమ్ములు ఉండును. వలయమును యంత్రపు చేతికిని, దిమ్మను పనిముట్టునకును బిగింతురు. పనిముట్టుపై బలము పడగనే కమ్ములు కంటికి కనబడనంతగా వంగును. వానికి అంటించిన గేజీలు కూడ సాగుటయో, కుదించుకొనుటయో జరుగును. 120 ఓముల గేజి తన పొడవులో వెయ్యవ వంతు సాగినను నిరోధము రమారమి పావు ఓము మాత్రమే మారును. ఇంత స్వల్పమైన మార్పును పట్టుటకే వీట్‌స్టన్ బ్రిడ్జి. కమ్మికి ఒకవైపు గేజి సాగి, రెండవవైపుది కుదించుకొన్నచో ఆ రెండు మార్పులును బ్రిడ్జియందు కూడుకొనును. వేడిమిచే అన్నియు ఒకే తీరున మారినచో ఆ మార్పు చాలవరకు రద్దగును.

ఇందొక చిక్కు కలదు. ఒక దిక్కున తోసినను తక్కిన దిక్కుల గేజీలు సైతము ఇంచుక కదలును. ఆరుగురు సాక్షులు ఒకరి మాటలో ఒకరు మాట కలిపినట్లుండును. కావున ముందుగా తెలిసిన బరువులను ఒక్కొక్క దిక్కున వ్రేలాడదీసి, ఎవరి పలుకులో ఎవరి పాలెంతయో లెక్కగట్టుదురు. ఆరారులు ముప్పదియారు అంకెల పట్టిక తయారగును. దానితో గుణించినప్పుడే నిజమైన బలము తెలియును. పనిముట్టు బరువును కూడ తీసివేయవలెను. లేనిచో చేయి వంగినప్పుడెల్ల ఎవరో లాగుచున్నారని యంత్రము భ్రమపడును.

కమ్ములను సన్నము చేసినచో సెన్సరు సూక్ష్మబలమును గ్రహించును గాని చేయి ఊగులాడును. మందము చేసినచో చేయి నిలకడగా ఉండును గాని స్పర్శ మొద్దుబారును. ఏ పనికి ఏది తగునో నిర్ణయించుటయే నిర్మాత నేర్పు.

ఇరుసును రంధ్రములో దూర్చునప్పుడు అది ఏ ప్రక్క ఒరసికొన్నదో ఈ సెన్సరు చెప్పగా చేయి సర్దుకొనును. 2021లో అంగారకునిపై దిగిన పర్సెవరెన్స్ వాహనపు చేతియందును ఇట్టి సెన్సరు కలదు.

కాని ఒక్కమాట మరువరాదు. మణికట్టునందలి సెన్సరు దాని ఆవల తగిలిన బలమునే ఎరుగును. యంత్రపు మోచేయి మనిషిని తాకినచో దానికి తెలియదు. అందుచేతనే మనుషుల సరసన పనిచేయు యంత్రములలో పెక్కింటికి ప్రతి కీలునందును టార్కును కనిపెట్టు ఏర్పాటు చేయుదురు. వేగమునకును హద్దు పెట్టుదురు. యంత్రమునకు స్పర్శ కలదని ఎవరైన చెప్పినప్పుడు, దాని ప్రక్కన నిలుచు కార్మికుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ స్పర్శ దేహమున ఏ చోట ఉన్నది?